ఆయన లేస్తేనే తెల్లారే ఊరు

దాచేపల్లి నుంచి కనిగిరి దాకా మిరప కళ్లాల్లో ఎక్కడ ఎవరు పొట్ట పట్టుకుని నవ్వినా, ఆ మాటల కోత కోసింది నేనే అయ్యుంటాను. బుల్లయ్య అంటే ఆమాత్రం పేరుంది.

మొన్న మాఘంలో మా ఆవిడ పున్నమ్మ కళ్లంలో ఆడవాళ్లతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. యూనివర్సిటీలో చదివే మా మనవరాలు అమూల్య ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక పుస్తకం చదివి వినిపిస్తోంది. దేశం వదిలిపోయిన ఆఫ్రికా రచయిత రాసిన కథ అది. ఏలినవాడు నిద్ర లేస్తేగానీ తెల్లారినట్టు కాదని చట్టం చేస్తాడు. ముందే కూసిన కోళ్లని జైల్లో పెడతారు. జనం మిట్టమధ్యాహ్నం లాంతర్లు పట్టుకుని పొలాలకి పోతారు. ఇది రాసినందుకు సిపాయిలు వెంటపడితే ఆ రచయిత సరిహద్దు దాటి, ఇప్పుడెక్కడో మంచు కురిసే ఊళ్లో ఉంటున్నాడు. అక్కడ ఆ ఏలినవాడెవరో తెలీదు గనుక ఎవరూ నవ్వరట.

"మరి ఆయన భార్యో?" అంది పున్నమ్మ.

"వెంటే వెళ్లింది నానమ్మా. ఆయన రాసినవన్నీ ఆమే టైపు చేసేదట."

"కోళ్లని జైల్లో పెట్టడం ఆయనకి తోచిందా, ఆమెకా?"

"పుస్తకంలో లేదు."

"ఉండదులే."

అప్పుడు పున్నమ్మ మనసులో ఏం తిరిగిందో తర్వాత తనే నాకు చెప్పింది. ఆ ఇల్లాలు టైపు కొడుతూ కొడుతూ ఎప్పుడైనా తన మాట ఒకటి కలిపి ఉంటుందా, కలిపితే ఆయన కనిపెట్టాడా, కనిపెట్టీ ఊరుకున్నాడా? ఇక తన సంగతి చూస్తే, అన్నం వడ్డిస్తూ తను అన్న మాట సాయంత్రానికి యలమందయ్య టీకొట్టులో మొగుడి మాటయ్యేది, అంటే నా మాట. జనం ఆయన వీపు చరిచి నవ్వే నవ్వు, దొడ్లో గిన్నెలు తోముతున్న తనకి వినిపించేది. ఒకసారి తమ్ముడి కూతురి పెళ్లిలో తను నోరు తెరిస్తే, "ఆగవే, నీకు చెప్పడం రాదు, పాడుచేస్తావు" అన్నాడు. నలభై ఏళ్లుగా పాడుచేయకుండా ఊరుకుంది. ఆ రచయితకి దేశం పోయినా పేరైనా మిగిలింది కదా అనుకుంది.

సరిగ్గా అప్పుడే నేను వెళ్లాను. "ఏవే, కొత్తదేమైనా ఉందా? కొట్టు దగ్గర ఎదురుచూస్తున్నారు."

"ఉంది. ఇక్కడే చెప్తాను, కూర్చోండి. చేతులు ఖాళీగా ఎందుకు, తొడిమలు తియ్యండి."

కూర్చున్నాను.

"ఒక ఊళ్లో ఒకాయన లేస్తేగానీ తెల్లారేది కాదు. పెళ్లాం ముగ్గేసి, గేదె పాలు పితికి, పత్తి తీతకి పోయి వచ్చినా అది రాత్రి కిందే లెక్క. ఆయన ఆవలించి కాఫీ అన్నాకే సూర్యుడికి వాకిట్లోంచి కదిలే సెలవు."

"ఎవరు పిన్నీ ఆయన?" అంది పక్కన తొడిమలు తీస్తున్న ఆయేషా.

"పక్కనే ఉన్నాడు, తొడిమ తియ్యడం కూడా రావట్లేదు, చూడు."

మంచు ఊళ్లోలా కాదు, ఇక్కడ ఆ ఏలినవాడెవరో అందరికీ తెలుసు. ఆడవాళ్లు నవ్వీ నవ్వీ, మిరప ఘాటుకి తుమ్మీ తుమ్మీ ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మొదట్లో చెప్పిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కోతలన్నీ పున్నమ్మవి. దీంట్లో నేను కల్పించింది ఒక్కటే, నవ్వానన్నానే, అది. నేను నవ్వలేదు. ఇంటికెళ్లి పొద్దుండగానే ముసుగుతన్ని పడుకున్నాను. లేచి చూస్తే, నా కోసం ఆగకుండా తెల్లారిపోయి ఉంది.