మూగ పెంపకం

తెల్లటి ముసుగును మెడ దాకా లాక్కుని ఆమె బొత్తాలు పెట్టుకుంటోంది. కుడిచేతికి కొంగ తలలా కుట్టిన తొడుగు, నడుముకి చిన్న టేపు పెట్టె. పిల్లకొంగ మనిషి ముఖం చూడకూడదు, మాట వినకూడదు. మనిషిని నమ్మిన పక్షిని చిత్తడి నేలల్లో వదిలితే బతకదు.

"ఇంట్లోనూ ఇలాగే నోరు కట్టేసుకుంటావా వదినా? మా అన్న పెట్టిపుట్టాడు!" అన్నాడు జీపు డ్రైవరు.

"ఇక్కడ మిగిల్చిన మాటలన్నీ ఆయనకే వడ్డిస్తాలే మరిదీ."

ఆ తర్వాత పెదవులు బిగించుకుని ఆమె కంచెలోకి వెళ్లింది. మీట నొక్కగానే టేపులోంచి తల్లికొంగ బొంగురుగా పిలిచింది. ఆ గొంతును రికార్డు చేసిన కొన్నాళ్లకే ఆ తల్లి పొలంలో విషపు గింజలు తిని చచ్చిపోయింది. పిల్లకు ఆ సంగతి తెలియదు. పిలిచినప్పుడల్లా పరుగెత్తుకొస్తుంది. ఈమధ్య ఆ పిలుపు ఆమెకు ఇంట్లోనూ వినిపిస్తోంది. పొయ్యి ముందు నిలబడి ఉలిక్కిపడి వెనక్కి చూస్తోంది.

ఈ పక్షుల కోసం విదేశాలు పంపే సాయం ఆగిపోయింది. ఈ కొంగల పెంపకం కేంద్రం మూతపడుతోంది. మిగిలింది ఈ ఒక్క పిల్లే. మనిషిని చూసి బెదిరితే ఇవాళే వదిలేస్తారు. దగ్గరికొస్తే జంతుశాల బోనుకు పంపేస్తారు.

మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చి చిత్తడి వైపు తలుపు తెరిపించింది.

"ముసుగు తీసెయ్. నోరారా పిలువు."

ఆమె ముసుగు తీసింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ముందు దగ్గొచ్చింది.

"రావే నా తల్లీ... రా అమ్మా..."

పిల్ల కొయ్యబారిపోయింది. ఆ గొంతు, ఆ ముఖం ఎవరివో దానికి తెలియదు. మరుక్షణం రెక్కలు టపటపా కొట్టుకుంటూ తలుపు దాటి రెల్లు మీదుగా పైకి లేచింది.

"బెదిరింది! గట్టెక్కించావమ్మా," అంది డాక్టరమ్మ.

పిల్ల పైన తిరుగుతూ తల్లి కోసం అరుస్తోంది. ఆమె వేలు దానంతటదే మీట మీదికి వెళ్లింది. ఒక్కసారి నొక్కితే చాలు, దిగొచ్చేస్తుంది. చచ్చిన తల్లి పిలిస్తే ఎన్నిసార్లయినా దిగొస్తుంది.

ఆమె కంచె బయటికి వచ్చి, పెట్టె వెనక మూత ఊడదీసి, బ్యాటరీలు డ్రైవరు చేతిలో పెట్టింది.

"నీ దగ్గరుంచు. నా చేతిని నేను నమ్మలేను."

అతను వాటిని జేబులో వేసుకున్నాడు. అరుపు దూరమై దూరమై, రెల్లుకు అవతల ఆగిపోయింది.

తలుపు మూయడానికి ఆమె లోపలికి వెళ్లింది. గడియ మీద చేయి వేశాక, ఇక మూయనక్కర్లేదని తోచింది. నీళ్లతొట్టిలో పిల్ల తినకుండా వదిలేసిన చేప ఒకటి అంచు వెంబడే తిరుగుతోంది.