నొక్కని జవాబు

మధ్యాహ్నం మూడు దాటినా ఎనిమిదో తరగతి జాబితాలో ఇంకా పదకొండు ఎర్రచుక్కలు మిగిలే ఉన్నాయి. గోడకున్న పెద్ద డిజిటల్ బోర్డు ముందు నిలబడి, సైన్సు చెప్పే వినీత పిల్లల వైపు వేలు ఆడించింది.

"మొదలుపెట్టున్రి. ఒకటోది?"

"బీ," అన్నారు పిల్లలు.

"రెండోది?"

"సీ."

ఎక్కం అప్పజెప్పినట్టే ఉంది. బీ, సీ, ఏ, ఏ, డీ. ముప్పైఎనిమిది మంది తరగతిలో పాఠం మిగిలినవాళ్ళ వేళ్ళు ట్యాబుల మీద ఒక్కసారే పడుతున్నాయి. ప్రశ్న చదివేవాళ్ళు లేరు. చదవనక్కర్లేదని వాళ్ళకు నేర్పింది వినీతే. జూన్‌లో ట్యాబులు వచ్చిన కొత్తలో ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, విప్పి చెప్పబోయింది. నెలాఖరుకు స్కూలు మొత్తంలో ఆమె తరగతే వెనకబడింది. కరస్పాండెంట్ సుధాకర్ స్టాఫ్ మీటింగులో ఆ పట్టికను బోర్డు మీద వేసి, రెండు నిమిషాలు అందరినీ చూడనిచ్చాడు. ఆ మర్నాటి నుంచే ఈ పాట మొదలైంది.

రేపు శనివారం పేరెంట్స్ మీటింగు. బోర్డు మీద ఒక్కొక్కరి పేరు, పక్కన చుక్క. పాఠం పూర్తయితే పచ్చ, లేదంటే ఎరుపు. ట్యాబు పేరు మీద తలా ఆరువేల ఐదువందలు కట్టిన తల్లిదండ్రులకు స్కూలు చూపించేది ఆ పచ్చచుక్కలనే.

మూడున్నరకు ఒక్క ఎరుపే మిగిలింది. చింతమడక నుంచి వచ్చే సింధుజది.

"ఏందమ్మా, ఛార్జింగ్ లేదా?"

"ఉంది మేడం. నేనే నొక్కలే."

"పులిసేటప్పుడు వచ్చే గ్యాస్ ఏందని అడిగిండ్రు. సీ. కార్బన్ డయాక్సైడ్. నొక్కు."

"గది తెలుసు మేడం. నాకే ఒకటి అడగాల్నని ఉంది. గిండ్ల అడిగేందుకు జాగ లేదు. ఏ, బీ, సీ, డీ నాలుగే ఉన్నయి. నేను అడగాల్నంటే ఏడ రాయాలె?"

"ఐదోది నొక్కు," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు లేచాయి.

వినీత గడియారం చూసుకుంది. బెల్లుకు ఇంకా పావుగంట ఉంది. "ఏం అడుగుతవ్?" అంది, తొందరగా తేల్చేద్దామని.

సింధుజ ట్యాబ్ తెచ్చి చేతికిచ్చింది. అందులో గంటకొకటి చొప్పున తీసిన ఫోటోలు ఉన్నాయి. సింధుజ తండ్రి సారయ్య ఈతచెట్లు ఎక్కి కల్లు గీస్తాడు. ఆదివారం పొద్దున ఆయన దించిన కల్లును ఆ పిల్ల రెండు సీసాల్లో పోసి, మూతులకు రెండు బెలూన్ బుగ్గలు తొడిగింది. పదకొండు గంటలకల్లా ఒక సీసా మీద బుగ్గ ఉబ్బి నిలబడింది. రెండోది వేలాడుతూనే ఉంది.

వినీత ఆ ఫోటోలను పెద్ద బోర్డు మీదికి ఎక్కించింది. అప్పటిదాకా సంచులు సర్దుకుంటున్న పిల్లలు తలెత్తారు.

"రెండోది లోపల సున్నం రాసి చెట్టుకు కట్టిన లొట్టికుండల దించిన కల్లు," అంది సింధుజ. "మా బాపు గట్ల రాస్తే తియ్యగనే ఉంటది, పొంగది. సున్నం ఏం చేస్తది మేడం?"

"గ్యాస్ వస్తది గని సున్నమే గుంజుకుంటదేమో," అన్నాడు సతీశ్. "సున్నపు తేటల ఊదితే తెల్లగైతది గదా, గట్ల."

"గ్యాసే రాదేమో," అంది రుచిత. "అయినా రెండు సీసాలు ఒక్క చెట్టువేనా? చెట్టు తేడా కావచ్చు."

సింధుజ తల అడ్డంగా ఊపింది. "కాదు. పక్కపక్క చెట్లయి. ఈసారి లొట్లు మార్చి కట్టమని బాపుకు చెప్త."

"ఎవరు చెప్పింది కరెక్టు మేడం?" అని సతీశ్ వినీత వైపు తిరిగాడు.

"నాకు తెల్వదు," అంది వినీత.

టీచరు నోట ఆ మాట పిల్లలు ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా అని ఎరగదు.

"ఎట్ల తెలుసుకోవాలె?" అని ఆమే అడిగింది. సతీశే మెల్లగా అన్నాడు: "పొంగిన సీసాల సున్నం వేసి చూడాలె. బుగ్గ దిగితే నేను చెప్పింది నిజం."

బెల్లు కొట్టారు. వ్యాన్ల హారన్లు మోగుతున్నా ఒక్కరూ లేవలేదు. ఎందుకు లేవలేదో చూద్దామని వచ్చిన సుధాకర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కల్లు సీసాలా మేడం?"

"సైన్సే సార్. పాఠంల ఉన్నదే."

"గేటు మీద డిజిటల్ క్యాంపస్ అని రాయించిన. మీరు లోపల కల్లు కాంపౌండ్ పెట్టిన్రు."

ఇంతసేపూ సీసాల గురించి వాదించుకున్న పిల్లలే పగలబడి నవ్వారు. సింధుజ తల వంచుకుంది.

సుధాకర్ గొంతు తగ్గించాడు. "రేపటికి గా ఒక్కటి పచ్చగ కావాలె. పిల్ల నొక్కకుంటే మీ లాగిన్ల నుంచి మీరే నొక్కున్రి. ఏప్రిల్ల మీ ఉద్యోగం రెన్యువల్ కాగితాలు నా టేబుల్ మీదికే వస్తయి, మీకు తెలుసు గదా."

ఆయన వెళ్ళాక సింధుజ ట్యాబ్ అందుకుంది. "నొక్కుత మేడం. రేపు బాపు వస్తడు." వేలు సీ మీదికి పోయింది.

"ఆగు," అంది వినీత. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియలేదు. వ్యాన్ కదిలిపోయాక కూడా తెలియలేదు.

ఇంటికి వెళ్ళి బియ్యం పొయ్యి మీద పెట్టి లాగిన్ తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. జీతం పదమూడు వేలు, అందులో సగం ఇంటి కిరాయికే సరి. కార్బన్ డయాక్సైడ్ అన్నది తప్పు జవాబేం కాదు. నొక్కితే అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఉండగా అన్నం అడుగంటిన వాసన వచ్చింది.

శనివారం పది గంటలకు హాలు నిండింది. పిల్లలు వెనక నేల మీద, పెద్దలు కుర్చీల్లో. కల్లు దించి నేరుగా బండి మీద వచ్చిన సారయ్య చివరి వరుసలో కూర్చున్నాడు. సుధాకర్ హాల్లోని బోర్డు మీద ఒక్కో పేరు చదువుతుంటే చప్పట్లు పడుతున్నాయి. పేజీ మారింది. పైనే ఎర్రచుక్క.

సారయ్య లేచాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. రంగులు తెలుసు, బిడ్డ పేరు ఎట్లా ఉంటుందో తెలుసు.

"సార్, మా పిల్లదొక్కటే ఎర్రగ ఉన్నదేంది? ఫెయిలైందా?"

"ఏం లేదు సారయ్యా, జర వెనకబడ్డది. మేడం ఇప్పుడే సరిజేస్తది." సుధాకర్ నవ్వుతూనే పక్కకు జరిగాడు. "నొక్కున్రి మేడం."

వినీత బోర్డు దగ్గరికి వెళ్ళి చేయి ఎత్తింది. వెనక నుంచి సన్నగా వినిపించింది. మేడం మరిచిపోయిందనుకున్నారేమో, పిల్లలు అందిస్తున్నారు. "సీ... సీ... సీ..."

ఆమె చేయి దించింది.

"నొక్కను సార్."

హాల్లో కుర్చీలు కదిలాయి.

"గా పిల్ల వెనకబడలేదు. నేను నేర్పిన పాట పాడలేదు, గంతే. అడగాల్సింది అడిగింది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు."

"ఏం అడిగింది మేడం?" అన్నాడు సారయ్య.

"లొట్టికి సున్నం రాస్తే కల్లు ఎందుకు పొంగదని."

సారయ్య ముఖంలో బెదురు పోయి ఆలోచన వచ్చింది. "ఎందుకో నాకూ తెల్వదు. ఎంత రాయాలెనో తెలుసు. తక్కువైతే పులుస్తది, ఎక్కువైతే నాలిక పొక్కుతది." చెయ్యి చాచాడు. అరచేతి గీతల మధ్య తెల్లగా సున్నం ఎండి ఉంది. వెనక పిల్లలు మోకాళ్ళ మీద లేచి ఆ చేతివైపు చూశారు.

సుధాకర్ బోర్డు ఆపేశాడు. నల్లటి అద్దంలో హాలంతా మసకగా కనిపించింది. ఇంకా పంతొమ్మిది పేర్లు చదవాల్సి ఉంది. వాళ్ళ అమ్మానాన్నలు ఎదురు చూస్తున్నారు. చదవాలంటే బోర్డు మళ్ళీ వెయ్యాలి. వేస్తే మొదట కనిపించేది ఆ చుక్కే.

సారయ్య ఇంకా కూర్చోలేదు. సుధాకర్ చేయి స్విచ్చు మీదే ఉంది.