ఎడమ పడవ అతుకు

మా బావమరిది వేసిన అతుకు ఊడిపోయి పడవ మునిగిందని ఊళ్లో అందరూ అనుకున్నారు. ఆ మాట మొదట అన్నది నేనే.

నాది మందుల షాపు. "రెండు మాత్రలు మింగితే రోగం రెండింతలు తొందరగా తగ్గదమ్మా" అని ముప్ఫై ఏళ్లుగా కౌంటర్ వెనక నిలబడి చెబుతున్నవాణ్ని. అలాంటివాడికి యాభై రెండో ఏట పడవ పిచ్చి పట్టింది. అదీ మామూలు పడవ కాదు, కాటమరాన్. రెండు సన్నటి చెక్క పడవల్ని పక్కపక్కన పెట్టి, అడ్డదూలాలతో కలిపి, మధ్యన తెరచాప ఎత్తుతారు. ప్లాను కాగితాలు తెప్పించుకుని ఇంటి హాల్లోనే మొదలుపెట్టాను. సోఫా గోడవారన నిటారుగా నిలబడింది. మా ఆవిడ మూడు నెలలు వంటింటి గట్టు మీదే కంచం పెట్టుకుని తింది.

బావమరిది వడ్రంగి. ఆదివారాలు నా కోసం వచ్చేవాడు. కోతలూ అతుకులూ వాడివి, జిగురు కలపడం నాది. "కొలతల సంగతి నాకు చెబుతావురా?" అని వాణ్ని డబ్బా ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. రెసిన్ రెండు పాళ్లు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒక పాలు. డబ్బా మీద లావుపాటి అక్షరాలతో రాసే ఉంది. ఎడమ పడవ అడుగు అతికించిన రోజు చలిగా ఉంది. వచ్చే ఆదివారం చెరువులో దింపుతున్నానని అప్పటికే షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేశాను. త్వరగా ఆరుతుందని హార్డెనర్ రెట్టింపు పోశాను.

మూడో రోజు బొటనవేలి గోరు గుచ్చి చూస్తే లోపలికి దిగింది. జిగురు బంకబంకగానే ఉంది. ఎక్కువ పోస్తే అసలు ఆరదని అదే డబ్బా మీద కింద రాసి ఉంది, నేను అప్పుడు చదివాను. మొత్తం గీకేసి మళ్లీ అతికించాలంటే పది రోజులు. అందరికీ ఏమని చెప్పుకోవాలి? పైన పుట్టీ పట్టించి నీలం రంగు వేసేశాను.

బావమరిది హాలు కిటికీ చట్రం ఊడదీసి రెండు పడవల్నీ బయటికి దాటించాడు. చట్రాన్ని మళ్లీ వెంట్రుకవాసి సందు లేకుండా బిగించాడు.

చెరువు గట్టు మీద ముప్ఫై మంది దాకా చేరారు. మా ఆవిడకి ఈత రాదు. "మీ బావని నమ్మి కాదురా, నిన్ను నమ్మి ఎక్కుతున్నా" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎక్కింది. నేను విన్నాను. విని కూడా తెరచాప ఎత్తాను.

యాభై గజాలు వెళ్లామో లేదో ఎడమ పడవ అడుగు విచ్చుకుంది. ముగ్గురం నీళ్లలో పడ్డాం. గొంతు దాకానే లోతు కాబట్టి బతికాం. ఆవిడ కళ్లద్దాలు నీళ్లపాలయ్యాయి. తమ్ముడి మెడ పట్టుకుని దగ్గుకుంటూ ఒడ్డుకు చేరింది. గట్టు మీద ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు భరించలేక, "అతుకులేసినవాణ్ని అడగండి" అనేశాను.

బావమరిది ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. "నాదే పొరపాటయ్యుంటుంది బావా" అన్నాడు. వాడు నిజంగానే అలా నమ్మాడు.

మర్నాడు లైబ్రరీ మేడమ్ దగ్గుమందుకి వచ్చారు. "పై అంతస్తుకి చెక్క మెట్లు మీ బావమరిదికే ఇద్దామనుకున్నాం. పిల్లలెక్కే మెట్లు కదా. మీరేమంటారు?" అని అడిగారు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఇంకో ఇద్దరు వడ్రంగుల్ని కూడా అడిగి చూడండి" అన్నాను. ఆవిడ తల ఊపి వెళ్లిపోయారు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా వెనక్కి మాత్రం పిలవలేదు.

ఆదివారం బావమరిది ఉలి పట్టుకుని వచ్చాడు. "ఎక్కడ తప్పానో చూసుకోకపోతే రేపు ఒక తలుపు చెయ్యాలన్నా చెయ్యి ఆడదు" అంటూ పెరట్లో ఎడమ పడవని బోర్లించి గీకడం మొదలెట్టాడు. రంగు పోయింది, పుట్టీ పోయింది, కింద జిగురు ఇంకా మెత్తగానే ఉంది. అందులో ఒకచోట పుట్టీ నిండిన గోటి గుర్తు తెల్లగా తేలింది. వాడు తన వేళ్లు చూసుకున్నాడు. పనిలో అరిగి అరిగి వాడికి గోళ్లే సరిగ్గా ఉండవు. తర్వాత నా చెయ్యి చూశాడు.

"ఆరలేదని నీకు తెలుసు."

"తెలుసు."

"నన్నన్నావు, పోనీలే. తెలిసి తెలిసి అక్కనెలా ఎక్కించావు బావా?"

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

గోటి గుర్తున్న ముక్క కోసిమ్మన్నాను. ఇచ్చాడు. తీసుకెళ్లి లైబ్రరీలో మేడమ్ బల్ల మీద పెట్టి, పేపర్లు చదువుకుంటున్నవాళ్లందరికీ వినపడేలా జరిగింది జరిగినట్టు చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆవిడ ఆ గుర్తుని వేలితో తడిమి, "మరి మొన్న నేనడిగినప్పుడు?" అన్నారు.

మెట్లు వాడికే ఇచ్చారు. పిల్లలు పరుగెత్తుతూ ఎక్కుతున్నా కిర్రుమనవట.

నిన్న లైబ్రరీ మేడమ్ మళ్లీ దగ్గుమందుకి వచ్చారు. "పూటకి రెండు చెంచాలు" అన్నాను. ఆవిడ సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, సీసాని వెలుతురు వైపు తిప్పి, దాని మీద రాసింది మొత్తం తనే చదువుకున్నారు. చదవడం అయ్యేదాకా నేను కౌంటర్ వెనక నిలబడ్డాను.