ఎనిమిది మైకుల పాత పెట్టె

చూపులేని వారి కోసం పుస్తకాలు రికార్డు చేసే ఆ స్టూడియోలో సౌండ్ పని అంతా ఆమెదే. మైకుల్లోని గొంతులను కంప్యూటర్‌కు చేరవేసే ఇంటర్‌ఫేస్ ఒక నల్లటి ఇనుప పెట్టె. ఎనిమిది మైకులు పడతాయి. పదమూడేళ్లలో ఒక్కరోజూ మొరాయించలేదు. పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చాకే చిక్కొచ్చింది. ఈ పెట్టె కేబుల్ దూరే రంధ్రం కొత్తదానికి లేనే లేదు.

మేనేజర్ ఆమె మరిదిని పిలిపించాడు. కంప్యూటర్ల దుకాణంలో ఆర్నెల్లు పనిచేసినందుకు ఇంట్లోవాళ్లు అతన్ని సర్వజ్ఞుడంటారు. అది పొగడ్తేనని అతని నమ్మకం.

సర్వజ్ఞుడు పెట్టెను చెప్పు కాలితో తట్టాడు. "ఇంకా ఇదే వాడుతున్నావా వదినా? పాత సామాన్లవాడికిచ్చేయ్."

అరచేతిలో ఇమిడే ఎర్రటి కొత్త ఇంటర్‌ఫేస్ కొనిపించాడు. దానికి పట్టేది రెండు మైకులే. నాటకం చదవడానికి నలుగురు వచ్చి కూర్చున్నారు.

"ఇద్దరికో మైకు. సర్దుకుంటారులే."

"సర్దుకోవడానికి బస్సు సీటా?" అంది ఆమె.

అతను కేబుల్ తగిలించాడు. కొత్త పెట్టెకు లైటు వెలిగింది కానీ కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. గంటసేపు ఆపాడు, వేశాడు, తిట్టాడు. చివరికి బిల్డింగులో కరెంటే బాగాలేదని తేల్చాడు. రాజు పాత్ర చదవాల్సిన రిటైర్డు టీచరు కునికిపాట్లు పడుతున్నాడు.

ఆమె కేబుల్ పీకి చూసింది. "ఎక్కడిదిది?"

"నా ఫోన్ ఛార్జర్‌ది. ఏ కేబులైతే ఏంటి?"

"దీంట్లో కరెంటొక్కటే పోతుంది. పైకి లైటు వెలుగుతుంది, లోపలికేమీ ఎక్కదు. నీకు అలవాటైన సంగతేగా!"

కొత్త పెట్టెతో వచ్చిన కేబుల్‌నే తగిలించింది. కంప్యూటర్ వెంటనే గుర్తించింది. తర్వాత రెండు పెట్టెల వెనకా ఒకేరకం చతురస్రపు రంధ్రాలున్నాయని గమనించి, శబ్దాన్ని వెలుతురుగా మోసే సన్నటి కేబుల్‌తో వాటిని కలిపింది. ఇప్పుడు పాతదానికి కంప్యూటర్‌తో పనిలేదు. దాని ఎనిమిది మైకులనూ కొత్తదే కంప్యూటర్‌కు అందిస్తుంది.

హెడ్‌ఫోన్లలో టిక్కు టిక్కుమని చప్పుడొచ్చింది.

"చెప్పానా, పాతది పారేయమని!" సర్వజ్ఞుడి మొహం వెలిగిపోయింది.

రెండు పెట్టెలూ లోపలి గడియారాలు కలవక దేని లెక్కన అది నడుస్తున్నాయని ఆమెకు అర్థమైంది. పాతదాని లయనే అనుసరించమని కొత్తదానిలో ఒక సెట్టింగు మార్చింది. చప్పుడు ఆగిపోయింది. నలుగురూ నాలుగు మైకుల ముందు కూర్చుని మధ్యాహ్నానికల్లా నాటకం పూర్తిచేశారు.

మేనేజర్ వచ్చి మరిది భుజం తట్టాడు. "బాగా కుదిర్చావయ్యా!"

"ఏముంది సార్, చిన్న ట్రిక్కు."

ఆమె కేబుళ్లన్నీ ఊడదీసి బల్లమీద కుప్పగా పోసింది. "సార్ చూస్తారట, ఇంకోసారి కలుపు."

సర్వజ్ఞుడు సన్నటి కేబుల్ తీసి మైకు రంధ్రంలో కుక్కబోయాడు. పట్టలేదు. తిప్పి రెండో కొస కుక్కాడు. అదీ పట్టలేదు. మోగని ఫోన్ చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటూ మెట్లు దిగిపోయాడు.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వే కలుపమ్మా."

ఏ కేబుల్ ఎక్కడ పెడుతోందో ఆమె పైకి చెబుతూ కలిపింది. ఆయన పక్కన వంగి నిలబడి ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాడు.