కుంటిమేక

మా తమ్ముడు తోర్మొద్‌కి సముద్రమంటే భయం లేదు, పొడిచే ఎద్దంటే భయం లేదు, పాదిరిగారంటే అసలే లేదు. వాడు భయపడేది ఒక్క కుంటిమేకకి. అదీ ప్రాణమున్న మేక కాదు. ఓట్స్ పైరు గుప్పెడు మెలిపెట్టి కట్టిన గడ్డిబొమ్మ. మూడు కాళ్ళు సమానంగా ఉంటాయి, నాలుగోది పొట్టి.

మా దీవిలో కోత ముగించినవాడు తన ఆఖరి గుప్పెడు పైరుతో ఆ బొమ్మ చేసి, ఇంకా కోయని పక్కవాడి పైరులోకి కేకలు పెడుతూ విసిరి పారిపోతాడు. అది పడ్డవాడు తన కోత కాగానే దాన్ని తన ఆఖరి గుప్పెడుతో మళ్ళీ కట్టి మరొకడి పైరులోకి విసరాలి. అలా చేతులు మారి, ఊరందరికన్నా వెనకపడ్డవాడి దగ్గర ఆగిపోతుంది. ఇక చలికాలమంతా ఆ మేక వాడి గుమ్మానికి వేలాడాల్సిందే. దుకాణంలో, చర్చి ముందు, పడవ దిగేచోట, ఎవరు ఎదురుపడినా "మేక ఎలా ఉంది? మేత సరిపోతోందా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళకి అదో సరదా.

మా నాన్నకి ఒకసారి ఆ మేక వచ్చింది. నాకప్పుడు పదకొండేళ్ళు, తోర్మొద్‌కి ఐదు. ఆ చలికాలం మొత్తం నాన్న చర్చికి రోడ్డుమీద నడవలేదు. ఒడ్డు వెంట తడిరాళ్ళ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవాడు, తోర్మొద్‌ని చెయ్యి పట్టుకుని. ఆ రాళ్ళని వాడు ఇవాళ్టికీ మర్చిపోలేదు.

అలాంటివాడి చేత నాలుగేళ్ళ కిందట ఒక కాగితం మీద సంతకం పెట్టించింది నేనే. పెట్టించకపోతే ఈ కథే లేదు.

ఆ కాగితం త్రేన్ పిట్ట కోసం. గడ్డిలో దాక్కుని దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు కూసే గోధుమరంగు పిట్ట. నా చిన్నప్పుడు దాని గోలకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఊరు మొత్తం మీద ఒక్కటి కూస్తే గొప్ప. కాగితంలో షరతులు మూడు. చేలో కాలువ పక్కనున్న మూలని దున్నకుండా, కోయకుండా, పశువుల్ని వదలకుండా తుప్పలకి వదిలెయ్యాలి. పిట్ట కూత వినపడిన చేనుని, పిట్టల లెక్క చూసే ఊనా అనే అమ్మాయి చెప్పిన తేదీదాకా కోయకూడదు. కోసేటప్పుడు నడిమధ్య మొదలెట్టి అంచులవైపుకి రావాలి. ఎందుకంటే త్రేన్ బోడినేల దాటదు. మా తాతల పద్ధతిలో అంచు నుంచి చుట్టూ కోసుకుంటూ లోపలికి వెళ్తే, పిల్లలన్నీ మధ్యలో మిగిలిన పైరులోకి దూరతాయి, ఆఖరి చుట్టులో కత్తి కింద పడతాయి.

షరతులు మంచివే. కాకపోతే వాటివల్ల ప్రతి ఏడూ మా కోత ఆఖరయ్యేది. మూడేళ్ళు వరసగా మూడు మేకలు మా గుమ్మానికే వేలాడాయి. మూడో ఏడు పక్కచేను రోరీ దుకాణంలో అందరిముందూ "తోర్మొద్, నువ్వింక మేకల మంద పెట్టుకోవచ్చురా" అన్నాడు. వీడు కొన్న రొట్టె అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

ఈ ఏడు కూసిన ఒక్క పిట్టా మా చేలోనే కూసింది. అదీ ఆలస్యంగా, జులైలో. సెప్టెంబర్ ఐదుదాకా కత్తి పెట్టొద్దంది ఊనా. ఆగస్టు మూడోవారంలో పిట్ట గడ్డి కమ్మిన కాలిబాట దాటుతుంటే నా కళ్ళతో చూశాను. తల్లి వెనక నల్లగా, బొగ్గుముక్కల్లాగా, ఎనిమిది పిల్లలు. ఇంటికొచ్చి తోర్మొద్‌కి చెప్పాను. "ఎనిమిదా!" అని వాడూ నవ్వాడు. వాడు చెడ్డవాడు కాదు. ఆ సంగతి మొదటే చెప్పి ఉంచుతున్నాను.

ఆగస్టు ఇరవై తొమ్మిదికి ఊళ్ళో కోత మిగిలింది రోరీకి, మాకు. రోరీ యంత్రం విరిగి పదిరోజులు మూలపడింది, లేకపోతే వాడెప్పుడో ముగించేవాడు. ఆ పొద్దున టీ తాగుతూ తోర్మొద్ కిటికీలోంచి రోరీ చేనువైపే చూస్తున్నాడు.

"అక్కా, వాడికింకా రెండెకరాలుంది."

"ఉండనీ. మనకి ఇంకా వారం ఉంది."

"మధ్యలోంచి మొదలెడతానే. ఆ అమ్మాయి చెప్పినట్టే, మెల్లగా. అన్నీ బయటికి పోతాయి."

"తేదీ అనేది ఒకటుంది కదరా."

"తేదీని మేకకి చెప్పు."

"చెప్తాలే, దానికి నీకన్నా బుర్రుంది" అన్నాను. నాకు నోరు ఎక్కువ. ఆ మాట అనకుండా కాసేపు వాడి పక్కన కూర్చుని ఉంటే ఏమయ్యేదో. నేను మాత్రం కప్పు కడిగి, పిండి తేవడానికి వ్యాను తీసుకుని దుకాణానికి వెళ్ళాను.

తిరిగొస్తుంటే రోడ్డు మలుపులోనే తెలిసిపోయింది. మొదట చప్పుడు వినలేదు, పక్షుల్ని చూశాను. మా చేను మీద సముద్రకాకులు తెల్లగా ముసురుకుని ఉన్నాయి. యంత్రం కదిలితేనే అవి అలా వస్తాయి. వ్యాను తలుపు కూడా వెయ్యకుండా గేటు దూకాను. అరవయ్యేళ్ళొచ్చాక దూకడం అంటే పడడమే, పడి లేచి పరిగెత్తాను.

చేను చుట్టూ కోసేసి ఉంది. పనలు కట్టలుకట్టలుగా పడున్నాయి. నడిమధ్యలో మా వంటిల్లంత వెడల్పున, దానికి నాలుగింతల పొడుగున, పైరు ఒక్కటే నిలబడి ఉంది. అంచు నుంచి లోపలికి కోశాడు. సరిగ్గా చెయ్యకూడనిదే చేశాడు.

ట్రాక్టర్ మలుపు తిరిగి దాని మీదికే వస్తోంది. ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడ్డాను. వాడు తల తిప్పి రోరీ చేను చూస్తున్నాడు, నన్ను చూడలేదు. అరిచాను. ఇంజను రొదలో నా అరుపు నాకే వినపడలేదు. ముందు చక్రం నాకు మూడు గజాల్లోకి వచ్చాక వాడు చూసి బ్రేకు తొక్కాడు. ఇంజను ఆపి దిగాడు.

"చచ్చేదానివి కదే!"

"నా సంగతి తర్వాత. మధ్యలోంచి అన్నావు. ఇదేనా మధ్య?"

వాడు చుట్టూ చూశాడు. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, అప్పుడే వాడికి తెలిసింది.

"మధ్యకే పోదామనుకున్నా అక్కా. దారి చేసుకుందామని అంచున ఒక్క చుట్టు తిరిగా. అవతల రోరీ కూడా మొదలెట్టాడు. వాణ్ణి చూస్తూ... చేతులు వాటంతటవే తిప్పేశాయి. నాన్న తిప్పినట్టే."

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. ఏడుపూ వచ్చింది. రెండూ చెయ్యడానికి వీల్లేకపోయింది, పైరు అంచున ఏదో కదిలింది. నల్లటి బుల్లి తల ఒకటి బయటికొచ్చి, కొయ్యకాళ్ళ వంక చూసి, లోపలికి పోయింది. అది చూసింది మేమే కాదు. నలభై దాకా సముద్రకాకులు, బూడిదరంగు కాకులు నాలుగైదు, పైరు చుట్టూ నేల మీద దిగి కూర్చున్నాయి. వాటికి తొందర లేదు.

"ఇలాగే వదిలేస్తే?" అన్నాడు గొంతు తగ్గించి.

"వదిలేస్తే రేపటికి ఆకలికి బయటికొస్తాయి. ఈ కాకులు ఒక్కొక్కదాన్నే ఏరుకుని తింటాయి."

పైరుకీ కాలువ మూలకీ మధ్య నలభై అడుగుల బోడినేల. మూల దాకా వెళ్తే పిల్లలకి ఇంక భయం లేదు. పసుపుపూల ఆకుతుప్పలు, దురదగొండి, నడుమెత్తు గడ్డి, మేము నాలుగేళ్ళుగా చెయ్యి పెట్టని చోటు. కానీ ఈ నలభై అడుగులూ దాటేదెలా? తోర్మొద్ దగ్గర్లోని పన ఒకటి ఎత్తి పైరు అంచుకి ఆనించి పెట్టాడు. పక్కనే రెండోది పెట్టి, వెన్నులు పైకొచ్చేలా రెంటినీ ఒకదానికొకటి వాలుగా నిలబెట్టాడు. అడుగున చెయ్యి పట్టేంత సందు. నాకు అర్థమైంది, మూల దాకా పిల్లలకి చాటుదారి. మోసుకొచ్చి అందిస్తూ పోయాను. అడుగు చప్పుడు కాకుండా, పైరుకి దూరంగా తిరుగుతూ. కాకులు దగ్గరికొస్తే నేను కొంగలాగా చేతులు ఊపి తోలుతున్నాను, నోటితో అరవడానికి లేదు. పాతిక అడుగులు అయింది. ముప్పై అయింది.

అప్పుడు రోరీ యంత్రం ఆగింది.

కంచె అవతల వాడు కిందకి దిగడం, వంగి ఆఖరి గుప్పెడు కోసుకోవడం, దాన్ని మోకాలి మీద పెట్టుకుని మెలిపెట్టడం చూస్తూనే ఉన్నాం. వాడి చెయ్యి చురుకు. చిటికెలో మేక తయారు.

"అక్కా, వాడు పైరులోకి విసురుతాడు" అన్నాడు తోర్మొద్.

విసరాలి మరి, ఆచారం అదే. నిలబడి ఉన్న పైరు నడిమధ్యలోకి, గొంతు చించుకుని అరుస్తూ. అరుపుకి బెదిరి పిల్లలు ఎటు పడితే అటు బోడినేల మీదికి వస్తాయి. రోరీ అప్పటికే కంచె దాటాడు. మేకని వెనక దాచుకుని, ఒళ్ళంతా నవ్వుతో, అడుగులు పెద్దవి చేస్తున్నాడు. అరవడానికి ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది.

తోర్మొద్ చేతిలో పన కింద పెట్టి వాడికి ఎదురు నడిచాడు. పరిగెత్తలేదు. రెండు చేతులూ ముందుకి చాపి నడిచాడు. మా ఊళ్ళో మేక తెచ్చినవాణ్ణి తరిమికొట్టారు, ఒకసారి కాలు కూడా విరిచారు. ఎదురెళ్ళి చెయ్యి చాచినవాడు లేడు. రోరీ పీల్చిన ఊపిరి అలాగే ఉండిపోయింది.

"ఇలా ఇయ్యి రోరీ" అన్నాడు తోర్మొద్, పక్కమంచంలో పిల్లలు పడుకుని ఉంటే మాట్లాడినట్టు. "అరవకు. నీకు దణ్ణం పెడతా, అరవకు."

"ఏంట్రా ఇది? నువ్వు నన్ను తరమాలి, తిట్టాలి..."

"ఆఖరు నేనే. ఈ పైరు కోయను. మేక నాదే, ఇచ్చెయ్యి."

రోరీ నా వంక చూశాడు. నేను పైరు వంక, కాకుల వంక చెయ్యి చూపించాను. వాడూ ఈ దీవిలో పుట్టినవాడే, ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. మేకని తోర్మొద్ చేతుల్లో పెట్టాడు.

"నన్ను మొదట్లోనే పిలవచ్చు కదరా గాడిదా" అని గొణిగి, వెళ్ళి పనలు రెండేసి చంకన పెట్టుకొచ్చాడు.

మిగిలిన పది అడుగులూ ముగ్గురం కలిసి కట్టేశాం. తర్వాత రోరీ అవతలి కొసన కాకులకి కాపలా నిలబడ్డాడు. మేమిద్దరం కాలువగట్టు వెనక బోర్లా పడుకున్నాం. తోర్మొద్ మేకని ఇంకా గుండెకి పట్టుకునే ఉన్నాడు.

చాలాసేపు ఏమీ లేదు. గాలి పెరిగింది. ఒక పన ఊగింది, పడలేదు. తర్వాత పనల కింద గడ్డి అల్లల్లాడింది. ఆ కదలిక మావైపే మెల్లగా వచ్చి ఆగింది. తల్లి తల బయటపెట్టింది, ఒక్క దూకులో తుప్పల్లో మాయమైంది. దాని వెనక ఒకటి. రెండు. మూడు, నాలుగు కలిసి వచ్చాయి. ఐదు. కాస్త ఆగి ఆరు.

తోర్మొద్ పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఆరు దగ్గర పెదాలు ఆగాయి.

తల్లి మళ్ళీ బయటికొచ్చింది. పనల కిందుగా వెనక్కి వెళ్ళింది. పైరులో సన్నగా పిలవడం వినపడింది. కాసేపటికి ఒక్కతే తిరిగొచ్చింది. తుప్పల్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పైరులోకి పోయింది. అలా మూడుసార్లు తిరిగింది. మూడోసారి వచ్చి పనల కొసన చాలాసేపు నిలబడి, ఇంక తుప్పల్లోకే పోయింది.

"ఎనిమిది అన్నావు కదా" అన్నాడు తోర్మొద్.

"అన్నాను."

"తప్పు లెక్కపెట్టావేమో."

"లేదురా."

వాడు లేచి యంత్రం దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని కత్తి కింద వెతికాడు. ఏం దొరికిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కాలువలో చేతులు కడుక్కుని, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

మర్నాడు ఊనా వచ్చింది. నేను ఎలా మొదలెట్టాలా అని వెతుక్కుంటుంటే వాడే గేటు దగ్గర ఎదురెళ్ళి మొత్తం చెప్పాడు. తేదీ తప్పానన్నాడు, అంచు నుంచి కోశానన్నాడు, ఎన్ని పోయాయో చెప్పాడు. ఆ అమ్మాయి అంతా రాసుకుంది. ఆ తప్పుకి కాగితం ప్రకారం వేసిన జరిమానా న్యాయమైనదే, మేము కాదనలేదు. నడిమధ్య మిగిలిన పైరు కొయ్యనేలేదు. చలికాలం గాలులకి దానంతట అదే పడిపోయింది.

ఆ ఆదివారం తోర్మొద్ మేకని గుమ్మానికి తనే తగిలించి, బూట్లు తుడుచుకుని, చర్చికి బయల్దేరాడు. నేను మూడేళ్ళ అలవాటుకొద్దీ ఒడ్డుదారి వైపు తిరిగాను. వాడు "ఇటు" అని రోడ్డెక్కాడు.

చర్చి ముందు పదిమంది దాకా ఉన్నారు. రోరీ వాళ్ళతోనే ఉన్నాడు గానీ బూట్ల వంక చూసుకుంటున్నాడు. అడిగింది పడవ నడిపే ముసలాయన. పాపం, ఆయనకి ఏమీ తెలియదు.

"ఏరా తోర్మొద్, నాలుగోది కూడా నీకేనటగా? మేక ఎలా ఉంది?"

"మేక బాగానే ఉంది బాబాయ్" అన్నాడు తోర్మొద్, అందరికీ వినపడేలా. "నేను దాన్ని తప్పించుకోబోయి కోసేశాను. త్రేన్ పిల్లలు ఎనిమిదిలో రెండు పోయాయి."

ఆ చలికాలం మా మేక గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు.