రెండో భాగంలో డ్రమ్మరు

పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి పంటినొప్పే ఉండదు. నోరు తెరిచి కుర్చీలో పడుకుంటారు. ఆయన అద్దం పట్టుకుని వంగగానే కుర్చీ చేతి మీద వేళ్లతో దరువు మొదలుపెడతారు. దరువు అయిపోయాక ఒక్క క్షణం ఆగి, ఇంకో దెబ్బ వేస్తారు. ఆ ఆఖరి దెబ్బకు డాక్టరు ఒళ్లు భగ్గున మండుతుంది.

దీనికంతటికీ కారణం ఓ సినిమా. డాక్టరీ చదివే రోజుల్లో ఆయన ఒక రాక్ బ్యాండు హాస్యచిత్రం రెండో భాగంలో డ్రమ్మరు వేషం వేశాడు. మొదటి భాగంలో వేసినవాడు దర్శకుడితో చెడి వెళ్లిపోతే, జుట్టు భుజాల దాకా ఉందన్న ఒకే ఒక్క అర్హత మీద ఈయన్ని పట్టుకొచ్చారు. డ్రమ్స్ వాయించడం బొత్తిగా రాదు. పాట ఆగిపోయాక ఈయన దెబ్బ పడేది. బ్యాండంతా వెనక్కి తిరిగి చూసేది. దర్శకుడు తల పట్టుకుని, ఇలాగే పోనిమ్మన్నాడు.

సినిమా వారం తిరక్కుండానే తుడిచిపెట్టుకుపోయింది. పీడ వదిలిందనుకున్నాడు డాక్టరు, పాపం. టీవీవాళ్లు ఊరుకుంటేగా, వేసిందే వేశారు. అప్పటి పిల్లలు పెద్దవాళ్లయి తమ పిల్లలకు చూపించారు. మొదటి భాగం పేరెత్తితే, దీనికి మొదటి భాగం కూడా ఉందా అని అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ.

ఎంత చక్కగా పళ్లు కట్టినా జనానికి ఆయన లేటు డ్రమ్మరే. అందుకే గుట్టుగా ఓ మాస్టారి దగ్గర డ్రమ్స్ నేర్చుకోవడానికి చేరాడు. ఇంట్లో భార్యకు మాత్రం తెలిసిపోయింది. వంటింట్లో గరిటెలు మాయమవుతుంటే ఏ ఇల్లాలికి తెలియదు? ఏళ్లు గడిచాక, ఇక నేర్పడానికి తన దగ్గరేమీ మిగల్లేదని మాస్టారే ఒప్పుకున్నాడు. ఇక డాక్టరుకు కావలసింది ఒక్కటే. జనం ముందు ఒక్కసారి సరిగ్గా వాయించి ఆ మచ్చ చెరుపుకోవాలి.

ఆ అవకాశం బావమరిది రూపంలో వచ్చింది. అతనికో పాత సినిమాహాలుంది. రెండో భాగం మళ్లీ వేస్తున్నానని, ఆఖరి పాటకు డ్రమ్స్ చప్పుడు తీయించేస్తానని, బావే తెర ముందు కూర్చుని వాయించాలని కాళ్లావేళ్లా పడ్డాడు. డాక్టరు కాసేపు బెట్టు చేసి, లోలోపల గంతేసి, ఒప్పుకున్నాడు.

బయల్దేరేటప్పుడు భార్య మెల్లగా అంది: "వాళ్లు నవ్వుకోడానికి వస్తున్నారండీ."

"ఆ నవ్వు ఇవాళ్టితో ఆఖరు," అన్నాడు డాక్టరు.

హాలు కిక్కిరిసిపోయింది. తాతల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా పొడుగు జుట్టు విగ్గులు పెట్టుకొచ్చారు. ఆఖరి పాట మొదలైంది. డాక్టరు ప్రాణం పెట్టి వాయించాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా పాటతో పాటే ముగించి, చప్పట్ల కోసం తలెత్తాడు.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత హాలంతా ఒక్కసారిగా కాలితో నేలను తన్నింది. ఒక్కరు ముందు లేరు, ఒక్కరు వెనక లేరు. అంతమందిలో దెబ్బ కలవనివాడు డాక్టరొక్కడే.

"ఈసారి తొందరపడ్డాడ్రా!" అన్నారెవరో వెనక వరసలోంచి.

హాలు పగలబడి నవ్వింది. డాక్టరుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలైందనిపించింది. దిక్కుతోచక ముందు వరస వంక చూశాడు. ఆయనకు సరిగ్గా కొట్టడం నేర్పిన మాస్టారే పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. పక్కన భార్య నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇంకోసారి, ఇంకోసారి అని జనం గోల పెట్టారు. పాట మళ్లీ వేశారు. ఈసారైనా వీళ్లతో కలవాలని, పాట ఆగాక డాక్టరు పుల్లలు పైకెత్తి కాచుకు కూర్చున్నాడు. హాలు నేలను తన్నింది. ఆయన దెబ్బ దాని తర్వాత పడింది. నవ్వు మాత్రం అందరితో పాటే వచ్చింది.