ఓడలో ఐదో పడక

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆ ఇల్లాలికి సెలవుల మాట ఎత్తితేనే నీరసం వచ్చేది. వెన్నుకు ఆపరేషన్ జరిగాక ఆమె మళ్ళీ నడుస్తోంది, మెట్లెక్కుతోంది, చిన్నవాణ్ణి కాసేపు ఎత్తుకుంటోంది కూడా. కానీ కొత్త ఊరు చూడ్డానికి వెళ్ళడమంటే నడవడమే కదా. రెండు వీధులు తిరిగేసరికి ఎడమ కాలు మొరాయిస్తుంది. ఇంటిల్లిపాదీ ఏ గట్టు మీదో కూర్చుని ఆమె కోసం ఎదురుచూడాలి. ఎవరూ ఒక్క మాట అనరు. ఆ అనకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఒకరోజు దుకాణానికి వచ్చిన ఒక పెద్దాయన, కొత్త కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదని సరిచేయించుకుంటూ, తాను ఓడలో షికారు చేసి వచ్చిన సంగతి మొదలుపెట్టాడు.

"ఊళ్ళ దగ్గరికి మనం పోనక్కర్లేదమ్మా. పడుకుని లేచేసరికి ఊరే వచ్చి కిటికీ బయట నిలబడుతుంది. దిగాలనిపిస్తే దిగుతాం, లేదంటే కూర్చుని చూస్తాం."

ఆమె చేతిలోని బుల్లి స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పెద్దాయన వెళ్ళిపోయాడు గానీ ఆ మాట మాత్రం ఆమె చెవిలో కాపురం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం బయటపెట్టగానే భర్త ఒంటికాలి మీద లేచాడు. ఆయన లిఫ్టు మెకానిక్. పగలంతా ఏదో ఒక భవనం నెత్తిన మెషిన్ గదిలో, చేతులకు గ్రీజుతో, తాళ్ళనీ చక్రాలనీ పలకరిస్తూ గడిపే మనిషి.

"పైనుంచి తాడు పట్టుకోని దేన్నీ నేను నమ్మను" అన్నాడు. "లిఫ్టుకి తాళ్ళున్నాయి, బ్రేకుంది, అదీ పోతే కింద స్ప్రింగులున్నాయి. ఓడకేముంది? కింద నీళ్ళు, పైన ఆకాశం, మధ్యలో వీడు!"

వీడు అన్నది కొడుకుని. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. నాలుగో ఏడు నడుస్తోందనే గానీ వాడు నడిచిందెప్పుడు, అంతా ఎక్కడమే. ఆ సమయానికి సోఫా వీపెక్కి అక్కణ్ణుంచి బీరువా మీదికి దారి వెతుకుతున్నాడు.

ఏడేళ్ళ కూతురు హోంవర్కులోంచి తలెత్తింది. ఎదుటివాళ్ళ మాటతోనే ఎదుటివాళ్ళని కట్టేసే నేర్పు ఉండడం వల్ల ఆ పిల్లకి ప్లీడరని పేరు.

"నాన్నా, అంత పెద్ద ఓడలో లిఫ్టులుండవా?"

"ఉంటాయిలే."

"మరి ఓడ నమ్మకం లేనిదైతే, లిఫ్టులవాళ్ళు అందులో లిఫ్టులెందుకు పెట్టారు?"

ఆయన ఎవరినీ ఉద్దేశించనట్టు, "ఎన్ని అంతస్తులుంటాయంటావు?" అన్నాడు. కేసు సగం గెలిచినట్టేనని తల్లీకూతుళ్ళకి తెలిసిపోయింది.

సెలవు రోజు నలుగురూ టికెట్లు అమ్మే ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ బల్ల వెనక ఒకావిడ, గోడ మీద ఓడను కేకులా నిలువునా కోసినట్టున్న బొమ్మ. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఏం చెప్పాలో ఆవిడకి కంఠతా వచ్చు. గది ఓడకు నడిమధ్యన, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊగుడు తక్కువంది. బాల్కనీ వద్దు, తెరుచుకోని కిటికీ చాలంది. భర్త రెయిలింగు సందుల గురించి అడిగాడు. వీడి తల పడుతుందా అన్నాడు. ఆవిడ చేతులతో సందు ఎంతుంటుందో చూపించింది. పిడుగు వెంటనే వచ్చి ఆ చేతుల మధ్య తల పెట్టి చూశాడు. పట్టలేదు. తండ్రి మొహంలో కాస్త రంగొచ్చింది.

"పిల్లల్ని ఆడించే గది ఉంటుంది. కాకపోతే బాత్రూముకి సొంతంగా వెళ్ళగలిగిన పిల్లల్నే తీసుకుంటారు. బాబు వెళ్తాడా?"

"వెళ్తాడు" అంది ప్లీడరు. "బయటికి రావడమే రాదు. గడియ పెట్టుకుని కూర్చుంటాడు."

ఆవిడ పకపకా నవ్వింది. "అయితే వీడు మీ దగ్గరే ఉంటాడు. పాప ఈత కొలను వైపు, బాబు ఇంకో వైపు, మీరిద్దరూ చెరో దిక్కూ. నాలుగు రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెప్పానంటే ఏమీ అనుకోకండి, తోడుగా ఇంకొక మనిషిని తెచ్చుకోండి. మీరు అడుగుతున్న గదిలోనే గోడలోంచి కిందికి దిగే ఐదో పడక ఉంటుంది."

ఐదో పడక అనగానే ఆమెకు వదిన కళ్ళముందు మెదిలింది.

వదినంటే భర్తకు అక్క. ఒంటరి మనిషి. బట్టలుతికి ఇస్త్రీ చేసే ఒక పెద్ద దుకాణంలో వెనక గది ఆవిడది. పొడుగైన ప్యాంట్లు కురచ చెయ్యడం, చెడిపోయిన జిప్పులు మార్చడం, లావైన వాళ్ళ బట్టల కుట్లు విప్పడం ఆవిడ పని. పిడుగుకి ఇంకా అడుగులు రాని రోజుల్లో ఈమె ఆస్పత్రి పాలైంది. వారాలు నెలలయ్యాయి. కబురు అందీ అందగానే వదిన తను అద్దెకుంటున్న గది ఖాళీ చేసి, కుట్టుమిషనుతో సహా తమ్ముడి ఇంటికి వచ్చేసింది. రమ్మని ఎవరూ అడగలేదు. వంట, స్కూలు, స్నానాలు, జ్వరాలు, అన్నీ ఆవిడే. పిడుగు మొదటి అడుగు వేసింది ఆవిడ వైపు. మొదటిసారి అమ్మా అని పిలిచింది ఆవిడనే.

ఈమె చేతికర్రతో ఇంటికొచ్చిన రోజు పిల్లవాడు వదిన మోకాళ్ళ వెనక దాక్కుని తొంగిచూశాడు. ఈమె నవ్వింది. నవ్వడానికి ఎంత బలం కావలసి వచ్చిందో వదిన చూసింది. ఈమె కాస్త తిరగ్గలిగిన వారంలోనే వదిన మిషను సర్దుకుని ఊరికి ఆ చివరన గది చూసుకుంది. అప్పట్నుంచీ పిలిస్తేనే వచ్చేది. వచ్చినా కుర్చీ అంచున కూర్చునేది. పిడుగు తనంతట తాను ఒళ్ళోకి ఎక్కితే తప్ప వాణ్ణి ముట్టుకునేది కాదు. ఆవిడ వెళ్ళిపోయిన రోజు ఈమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత్తర్వాత ఆ ఊపిరే గుండెల మీద బరువై కూర్చుంది.

ఇంటికొచ్చి ఫోన్ చేసి, మాతో రండి వదినా అని అడిగింది.

"స్కూళ్ళు తెరిచే రోజులమ్మాయ్, యూనిఫారాలు కొండలా పడి ఉంటాయి" అంది వదిన.

మర్నాడు భర్తను పంపింది. ఆయన వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"నీళ్ళంటే భయమంటోంది."

"చిన్నప్పుడు ఈత పోటీల్లో కప్పులు గెలిచిందని మీరేగా చెప్పారు?"

"నేనూ అదే అడిగా. అయితే గాలంటే భయమంది."

ఇక లాభం లేదని, ఆమె మధ్యాహ్నం దుకాణంలో సెలవడిగి తనే బయల్దేరింది. బట్టల దుకాణంలో ఆవిరి వాసన. ప్లాస్టిక్ తొడుగుల్లో కోట్లు ఒకదాని వెనక ఒకటి పట్టాల మీద కదులుతున్నాయి. వాటిని తప్పించుకుంటూ వెనక గదిలోకి వెళ్ళేసరికి వదిన పైటకు గుచ్చుకున్న గుండుసూదులతో మిషను మీద వంగి ఉంది. మరదల్ని చూడగానే కుడుతున్నదాన్ని గబుక్కున బల్ల కిందికి తోసేసింది. తోసినా ఒక పట్టీ బయటికి వేలాడుతోంది. ఈమె దాన్ని పట్టి లాగింది. చిన్న చొక్కాలాంటిది. గట్టి గుడ్డ, వీపు మీద సంచికున్నట్టు పట్టుకోవడానికి ఒక పిడి.

"ఎవరికి వదినా ఇది?"

"ఎవరో కస్టమరుకి."

"మరి బొత్తాలు వెనక్కెందుకు పెట్టారు?"

"ముందుంటే విప్పేసుకోడూ వెధవ" అనేసి వదిన నాలుక కరుచుకుంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆ గదిలో మిషను మోటారు చప్పుడొక్కటే మిగిలింది. వదిన దాన్నీ ఆపేసింది.

"తమ్ముడు రెయిలింగుల గురించి చెప్పాడు. మనసాగక కుట్టా. తీసుకెళ్ళు. నన్ను మాత్రం పిలవకమ్మాయ్. మీరు నలుగురే వెళ్ళాలి. వాడికి ఎటు చూసినా నువ్వే కనపడాలి. నేనుంటే వాడు దెబ్బ తగిలించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడనుకో, నీ మొహం నేను మళ్ళీ చూడలేను. ఆ రోజు చూసింది చాలు."

ఈమె బల్ల పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చుంది.

"మీరు వెళ్ళిపోయినప్పుడు నాకు హాయిగానే అనిపించింది వదినా. ఎందుకు దాచాలి? కానీ వారం తిరక్కుండానే వాడు నా పక్కలో పడుకున్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కర్ర పట్టుకుని ఇంట్లోకొస్తే, పసివాడు అంత తొందరగా ఎలా దగ్గరయ్యాడు? మనుషులంటే మంచివాళ్ళే అనుకున్నాడు కాబట్టి. ఆ నమ్మకం వాడికి ఇచ్చింది మీరు. మీరు పెంచిన బిడ్డ కాబట్టే నాకు దక్కాడు."

వదిన కత్తెర తీసి, అక్కర్లేకపోయినా ఒక దారం కత్తిరించింది.

"థాంక్స్ చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏం చెప్పినా చాలదనిపించి ఊరుకున్నా. చాలకపోయినా ఇవాళ చెప్తున్నా. వాడు అత్త దగ్గరికి పరిగెత్తితే పరిగెత్తనీండి. నేను కాఫీ తాగుతా."

వదిన పైటకున్న సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. అన్నీ అయ్యాక కళ్ళు తుడుచుకుంది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్" అంది. "ఇన్నేళ్ళూ మీ ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది."

ఆ తర్వాత ప్రయాణం ఏర్పాట్లు ఐదుగురివయ్యాయి. ఇంట్లో ఎప్పుడు చూసినా ఓడ గోలే. వదిన సాయంత్రాలు వచ్చి సోఫాలో వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని సలహాలిచ్చేది. ఎండకి టోపీలు తాడున్నవి కొనమంది, లేకపోతే సముద్రానికి టోపీలు పెట్టడమే పనవుతుందంది. జ్వరం మందు పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలంది. ఓడెక్కిన రోజు పెట్టెలు గదికి చేరడానికి సాయంత్రమవుతుందని టికెట్లావిడ చెప్పిందని, పిల్లల ఈత బట్టలు కూడా చేతి సంచిలోకే వచ్చాయి. భర్త ఎప్పుడు తెప్పించాడో, ఓడ లిఫ్టుల గురించి ఒక పుస్తకం దిండు కింద పెట్టుకుని చదువుతున్నాడు. అడిగితే పిల్లల కోసమేనన్నాడు.

ప్లీడరు ప్రమాద హెచ్చరిక సాధన చేయించింది. ఈల ఊదగానే అందరూ రక్షణ చొక్కాలు తొడుక్కుని గుమ్మం దగ్గర వరసలో నిలబడాలి. చొక్కాలు లేవు కాబట్టి దిండ్లు కట్టుకున్నారు. ఆ ఈల పిడుగు చేతిలో పడింది. వాడు మెట్ల మీదికి పరిగెత్తి ఊపిరున్నంతసేపూ ఊదాడు. పై అంతస్తులోని దంతవైద్యుడు, ఆయన భార్య ఏదో అంటుకుందనుకుని నగలూ కాగితాలూ చంకన పెట్టుకుని దిగొచ్చారు. గుమ్మం దగ్గర పొట్టలకు దిండ్లు కట్టుకుని వరసగా నిలబడ్డ ఐదుగురిని చూసి, ఏమడగాలో తెలియక, మెల్లగా మళ్ళీ పైకి వెళ్ళిపోయారు.

ఓడ ఎక్కారు. ఎక్కిన గంటలోనే భర్త కనపడకుండా పోయాడు. లిఫ్టు బాగుచేసే ఓడ మనిషితో కబుర్లలో దొరికాడు. పిడుగు వీపు మీద పిడితో, అడుగడుగునా ఎవరో ఒకరి చేతికి వేలాడుతూ ఓడంతా చూశాడు. మొదటి రోజు అందరూ కలిసి నవ్వినంత ఆ ఇంట్లో ఈ మధ్య ఎవరూ నవ్వలేదు.

రెండో రోజు ఉదయం గాలి లేచింది. ఓడ మెల్లగా అటూ ఇటూ ఒరుగుతోంది. సముద్రాన్ని నమ్మనన్న భర్త రెండోసారి టిఫిను తెచ్చుకోవడానికి వెళ్ళాడు. పిల్లలకి అదొక ఉయ్యాల. ఈత కప్పుల వదినకి మాత్రం లోకం గిర్రున తిరిగింది. ఐదో పడక మీంచి ఎలాగో దిగి కింది మంచం మీద బోర్లా పడి, నన్ను ఒడ్డుకి చేర్చండిరా అని మూలిగింది.

భర్తనీ కూతురినీ పైకి పంపేసి ఆమె గదిలోనే ఉండిపోయింది. తడిగుడ్డతో వదిన మొహం తుడిచింది. బేసిను పట్టుకుంది, కడిగి తెచ్చింది, మళ్ళీ పట్టుకుంది. చెమటకి అంటుకుపోయిన జుట్టు విడదీసి వదులుగా జడ అల్లింది. తన చేతులు ఇంత గట్టిగా, ఇంత పనికొచ్చేలా ఉన్నాయని ఆమెకు చాలా కాలానికి తెలిసింది.

"ఛీ, నీ చేత ఇదేం పని" అంది వదిన కళ్ళు తెరవకుండానే. "పిల్లల్ని చూసుకోమని తీసుకొచ్చి, నన్ను చూసుకుంటున్నావు."

"మాట్లాడకండి. కడుపులో తిప్పుతుంది."

"నీకు విసుగనిపించడం లేదూ?"

"లేదు వదినా." నిజంగానే లేదు. ఇలాంటి పూట కోసం ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నట్టుంది ఆమెకు.

పిడుగు దేని మీదికీ ఎక్కకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మంచం పక్కన నేల మీద బుద్ధిగా కూర్చున్నాడు. అత్త కాలి బొటనవేలు గుప్పిట్లో పట్టుకున్నాడు.

"అమ్మా, అత్తకి గ్లాసుతో వద్దు. నాకు జ్వరమొస్తే ఇస్తావే, అలా ఇవ్వు."

ఆమె చక్కెర కలిపిన నిమ్మనీళ్ళు చెంచాలోకి వొంపి, ఒలకకుండా రెండో చెయ్యి కింద పట్టి, వదిన పెదవుల దగ్గరికి తెచ్చింది. వదిన ఒక కన్ను తెరిచి తల్లినీ కొడుకునీ చూసింది. కాదనడానికి ఓపిక లేదో, మనసే రాలేదో గానీ నోరు తెరిచింది.